రన్‌కి "గ్రీన్" పోస్టులు రాయమంటున్నారు, ఏం రాయాలి? (బెంగళూరు)

పరుగుపిచ్చి · శనివారం రాత్రి 9:40

నమస్తే అందరికీ. ఒక సలహా కావాలి.

మా వాళ్ళు ఏటా బెంగళూరులో ఒక రోడ్ రన్ చేస్తారు. పేరు ఇక్కడ వద్దులెండి. పది కిలోమీటర్లు, ఐదు కిలోమీటర్లు, పిల్లలకు వేరే. వేలల్లో వస్తారు. నేను సోషల్ మీడియా టీమ్‌లో వాలంటీర్‌ని. జీతం లేదు, టీషర్టు ఇస్తారు.

ఈసారి స్పాన్సర్ వైపు నుంచి ఒకటే గొడవ, "పర్యావరణం మీద పోస్టులు బాగా పడాలి" అని. క్యాలెండర్ కూడా వాళ్ళే పంపారు. రోజుకొక ఆకుపచ్చ గ్రాఫిక్. భూగోళాన్ని పట్టుకున్న రెండు చేతులు. "ప్రకృతి కోసం పరుగు" అని డ్రోన్ షాట్లతో ఒక రీల్. మరి నిజంగా చేస్తున్నదేమిటని మా ఆపరేషన్స్ వాళ్ళని అడిగాను. చిన్న నీళ్ళ బాటిళ్ళు తీసేసి క్యాన్ల నుంచి కప్పుల్లో పోస్తారట. తడి చెత్తకీ పొడి చెత్తకీ వేరే డబ్బాలు. అరటి తొక్కలు ఎరువుకి పంపిస్తారు. టిఫిన్ల దగ్గర స్టీలు ప్లేట్లు. మెడల్ మామూలు లోహమే, టీషర్టు పాలిస్టరే, వాటి జోలికి ఎవరూ పోలేదు.

చేస్తున్నది తక్కువేం కాదనిపించింది. కానీ ఆ క్యాలెండర్‌లో వీటి గురించి ఒక్క పోస్టూ లేదు! అడిగితే ఇవన్నీ "బోరింగ్" అట.

జనం చదివేలా ఎలా చెప్పాలి? చెప్పి ట్రోల్ కాకుండా ఎలా బయటపడాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సిల్క్‌బోర్డ్ బాధితుడు · రాత్రి 9:58

ముందు ఒక్కటి చెప్పండక్కా, ఆ "ప్రకృతి కోసం పరుగు" బ్యానర్ ఫ్లెక్స్ మీదే కదా ప్రింట్ చేయిస్తున్నారు 😄

పరుగుపిచ్చి · రాత్రి 10:01

...అవును.

సిల్క్‌బోర్డ్ బాధితుడు · రాత్రి 10:15

అయితే దాని ఫొటో మాత్రం పెట్టకండి. మిగతావి మాట్లాడుకుందాం.

మా ఐపీఎల్ టీమ్ ఆర్‌సీబీ సంగతే చూడండి. 2011 నుంచి దాదాపు ప్రతి సీజన్‌లో ఒక మ్యాచ్ పచ్చ జెర్సీలో ఆడుతోంది. టాస్ దగ్గర మన కెప్టెన్ అవతలి కెప్టెన్‌కి మొక్క ఇస్తాడు. ఇన్నేళ్ళుగా చేస్తూ రావడం మామూలు విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ మా ఫ్యాన్స్ గ్రూపులో ఆ రోజు నడిచే చర్చ ఏమిటో తెలుసా? "పచ్చ జెర్సీ కలిసొస్తుందా, రాదా?" అంతే. 2016లో గుజరాత్ లయన్స్ మీద 248 కొట్టి 144 పరుగులతో గెలిచింది పచ్చ జెర్సీలోనే. 2024లో ఈడెన్‌లో ఒక్క పరుగుతో ఓడిందీ దాంట్లోనే. మావాళ్ళకి ఈ లెక్క నోటికొచ్చు. ఆ జెర్సీ ఎందుకు వేస్తారని అడగండి, "ఏదో చెట్లు..." అంటారు.

గుర్తు బాగా పాపులర్ అయితే అందులోని విషయం వెనక్కి పోతుంది, నా అనుభవం ఇది.

నెల్లూరి చిన్నోడు · రాత్రి 10:32

2024 పచ్చ మ్యాచ్ కోల్‌కతాలో, 2025ది జైపూర్‌లో. అంటే ఫ్లైటెక్కి వెళ్ళి పర్యావరణం గురించి చెప్పి, మళ్ళీ ఫ్లైటెక్కి వచ్చారు. దీన్ని ట్రోల్ చేయకపోతే ఇంకేం చేయాలి బ్రో?

నా వరకు అన్ని పెద్ద టోర్నమెంట్లూ ఒకటే. 2022 ఖతార్ వరల్డ్ కప్‌ని "కార్బన్ న్యూట్రల్" (అంటే వదిలిన కార్బన్ అంతటినీ మళ్ళీ సరిచేసేశామని) అని ఫిఫా ఊదరగొట్టింది. స్విట్జర్లాండ్‌లో ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే కమిషన్ 2023 జూన్‌లో ఏం చెప్పింది? ఆ మాటకి తగిన రుజువు లేదు, ఇలాంటివి చెప్పొద్దు అని. కప్పు అయిపోయింది, జనం ఇళ్ళకెళ్ళారు, అప్పుడొచ్చింది తీర్పు.

సిల్క్‌బోర్డ్ బాధితుడు · రాత్రి 10:41

షెడ్యూల్ వేసేది ఫ్రాంచైజీ కాదు కదా బ్రో. పచ్చ జెర్సీ వేసినా వేయకపోయినా ఆ మ్యాచ్‌కి జైపూర్ వెళ్ళాల్సిందే. ఇంకోటి, ఇట్టగల్‌పుర, సాదేనహళ్ళి చెరువులు బాగుచేయించడంలో వాళ్ళు నిజంగా పనిచేశారు. చెరువులో పూడిక తీసిన వీడియోకీ, కోహ్లీ పచ్చ జెర్సీ ఫొటోకీ వచ్చే లైకులు పోల్చి చూడండి, పరుగుపిచ్చి అక్క బాధ అర్థమవుతుంది.

నెల్లూరి చిన్నోడు · రాత్రి 10:44

చెరువుల సంగతి సరే. మీ మీద సన్‌రైజర్స్ కొట్టిన 287 పరుగుల గురించి కూడా మాట్లాడుకుందామా? మీ చిన్నస్వామి స్టేడియంలోనే కదా.

సిల్క్‌బోర్డ్ బాధితుడు · రాత్రి 10:45

సన్‌రైజర్స్ ఫ్యాన్ అని ముందే చెప్పాల్సింది. మేమూ 262 కొట్టాం, గుర్తుంచుకో.

నిర్వాహకులు · రాత్రి 10:50

క్రికెట్ గొడవకి వేరే థ్రెడ్ ఉంది. అక్కడికి పదండి ఇద్దరూ.

ప్రకటనల పంతులు · రాత్రి 11:20

పరుగుపిచ్చి గారూ, నేను కోరమంగళలో ఒక యాడ్ ఏజెన్సీలో కాపీ రాస్తాను. ట్రోలింగ్ సంగతి తర్వాత. మీ స్పాన్సర్ క్యాలెండర్‌లో "ఎకో ఫ్రెండ్లీ", "గ్రీన్", "కార్బన్ న్యూట్రల్" లాంటి మాటలు విడిగా ఎక్కడైనా ఉన్నాయేమో ముందు చూడండి. ఇప్పుడు అవి సరదా మాటలు కావు. ప్రకటనల రంగం స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ పర్యావరణ క్లెయిముల మీద పెట్టిన నియమాలు 2024 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్నాయి. అదే ఏడాది అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ (లేని పర్యావరణ మేలు ఉన్నట్టు చెప్పుకోవడం) మీద మార్గదర్శకాలు తెచ్చింది. "గ్రీన్" అని ఊరికే అనడానికి లేదు. దేని గురించి అంటున్నారు, ఎంత మేరకు, రుజువేమిటి, ఇవన్నీ చూపించాలి. పోస్టులో చోటు చాలకపోతే క్యూఆర్ కోడ్ గానీ లింక్ గానీ ఇచ్చి అక్కడ వివరంగా పెట్టొచ్చు. ఇది ప్రకటన ఇచ్చినవాళ్ళకే కాదు, ఏజెన్సీకీ వర్తిస్తుంది, డబ్బు తీసుకుని చెప్పే ఇన్‌ఫ్లుయెన్సర్‌కీ వర్తిస్తుంది.

ఇప్పుడు చిన్నస్వామినే తీసుకోండి. 2015లో పైకప్పు మీద 400 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ళు పెట్టారు. "చిన్నస్వామి గ్రీన్ స్టేడియం" అని రాస్తే ఎవరైనా తగులుకుంటారు. "చిన్నస్వామి పైకప్పు మీద 400 కిలోవాట్ల సోలార్ ఉంది" అంటే తగులుకోవడానికి ఏముంది? పైగా రెండోదే చదవడానికి బాగుంటుంది. "మరి మ్యాచ్ లైట్లకి అది సరిపోతుందా?" అని ఎవరో అడుగుతారు. అడగనివ్వండి, సంభాషణ మొదలయ్యేది అక్కడే.

మీ "బోరింగ్" లిస్టులో ఉన్నవన్నీ ఈ రెండో రకం వాక్యాలే. నేనైతే క్యాలెండర్ పక్కన పడేసి ఆ లిస్టుతోనే మొదలుపెడతాను.

చేపాక్ వైపు · ఆదివారం ఉదయం 7:05

చెన్నై నుంచి. నేను పుట్టింది తిరుపతి, ఇరవై ఏళ్ళుగా ట్రిప్లికేన్.

మా దగ్గర కళ్ళారా చూసినవి రెండున్నాయి. ఒకటి 2023 ప్లేఆఫ్స్. చేపాక్ స్టేడియంలో మొదటి క్వాలిఫయర్, చెన్నై-గుజరాత్. టీవీలో డాట్ బాల్ (పరుగు రాని బంతి) పడ్డప్పుడల్లా చుక్క బదులు చెట్టు బొమ్మ వచ్చింది. డాట్‌కి 500 మొక్కలు నాటుతామని క్రికెట్ బోర్డు చెప్పింది. ఆ రాత్రి 84 డాట్లు, అంటే 42,000 మొక్కలు. మా మావయ్యకి పర్యావరణం అంటే ఏమీ పట్టదు, ఆయనే "ఇంకో చెట్టు పడింది!" అని అరిచాడు. మొత్తం ప్లేఆఫ్స్‌లో 294 డాట్లకి 1,47,000 మొక్కలని లెక్క తేలింది. చెప్పే పద్ధతిగా చూస్తే నేను చూసినవాటిలో ఇదే నంబర్ వన్. చిన్నపిల్లలకి కూడా అర్థమైంది. అయితే ఆ రాత్రి మీమ్స్ వచ్చినట్టు, ఆ మొక్కలు ఎక్కడ నాటారు, ఎన్ని బతికాయి అన్న కబురు నా ఫోన్‌కి మాత్రం రాలేదు. మొక్క నాటడం ఒక రోజు పని. దానికి నీళ్ళు పోయడం మూడేళ్ళ పని, ఆ మూడేళ్ళకీ రీల్ ఎవరు చేస్తారు?

రెండోది అదే 2023లో. మ్యాచ్ టికెట్ చూపిస్తే మెట్రో ఫ్రీ. గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి స్టేడియానికి బస్సులు. తర్వాతి ఏడాది మామూలు సిటీ బస్సులు కూడా టికెట్ మీద ఫ్రీ అన్నారు. ఆ పోస్టుల్లో "పర్యావరణం" అన్న మాట నాకు ఎక్కడా కనబడలేదు. "టికెట్ ఉందా, మెట్రో ఫ్రీ, ఇక్కడ దిగండి" అంతే. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ప్రతివాడూ దాన్ని ఫార్వర్డ్ చేశాడు. వాలాజా రోడ్డులో పార్కింగ్ కోసం చచ్చేవాళ్ళు ఆ రోజు కారు తీయలేదు.

పెద్ద ఆటలకి అయ్యే కార్బన్‌లో జనం వచ్చిపోయే ప్రయాణాలదే మామూలుగా పెద్ద వాటా. చెట్టు బొమ్మ కన్నా మెట్రో పోస్టే ఎక్కువ పనిచేసి ఉంటుందని నా నమ్మకం.

పరుగుపిచ్చి · ఆదివారం ఉదయం 8:30

పంతులు గారూ, చేపాక్ వైపు గారూ, థాంక్స్. క్యాలెండర్‌లో "ఇండియాలోనే అత్యంత గ్రీన్ రన్" అని ఒకటి ఉంది. దాన్ని ఇప్పుడే కొట్టేశాను. "మెట్రోలో రండి" అన్న పోస్టు నాకు బాగా నచ్చింది, మొదట అదే వేద్దామనుకుంటున్నా.

కూకట్‌పల్లి టు కోరమంగళ · ఆదివారం ఉదయం 8:52

ఆగండాగండి. మీ రన్ ఎన్ని గంటలకి? ఎప్పుడు?

పరుగుపిచ్చి · ఆదివారం ఉదయం 8:55

ఆదివారం ఉదయం 5:30కి మొదటి బ్యాచ్.

కూకట్‌పల్లి టు కోరమంగళ · ఆదివారం ఉదయం 9:10

ఆదివారం నమ్మ మెట్రో మొదలయ్యేదే ఏడింటికి. మీ పోస్టు కింద మొదటి కామెంట్ ఏమొస్తుందో ఇప్పుడే రాసిస్తాను: "రన్ అయ్యాక మెట్రో ఎక్కి స్టార్ట్ లైన్‌కి రావాలా?"

పెద్ద 10కే రన్ ఉన్న రోజున మెట్రో వాళ్ళు తెల్లవారుజామునే రైళ్ళు నడిపిన సందర్భాలున్నాయి. మీవాళ్ళు అడిగారా? అడగకపోతే ముందు ఉత్తరం రాయమనండి. సరే అన్నాకే పోస్టు వేయండి. ఐపీఎల్ రాత్రుల్లో చూడండి, రైళ్ళు ఎంతసేపు పొడిగిస్తారు, తిరుగు ప్రయాణానికి టికెట్ ఎక్కడ కొనాలి, కబ్బన్ పార్క్ దగ్గర దిగాలా, ఎం.జి. రోడ్డా, అన్నీ ముందే చెప్తారు. జనం అందుకే నమ్మి వస్తారు.

ఇంకో మాట. సరదా కాదు. ఒక్క పోస్టు చూసి జనం ఎంతమంది కదులుతారో ఈ ఊరు 2025 జూన్ 4న చూసింది. ఆర్‌సీబీ విజయోత్సవం రోజు చిన్నస్వామి దగ్గర తొక్కిసలాటలో పదకొండు మంది పోయారు. ఆ రోజు రద్దీ వల్ల కబ్బన్ పార్క్, విధాన సౌధ స్టేషన్లలో రైళ్ళు ఆపలేదు కూడా. "రండి" అని రాసేవాళ్ళకి ఏ స్టేషన్ తెరిచి ఉంటుంది, ఏ గేటు దగ్గర ఎంతమంది పడతారు అన్నది తెలిసి ఉండాలి. గ్రీన్ పోస్టు అయినా అంతే.

పరుగుపిచ్చి · ఆదివారం ఉదయం 9:24

మెట్రో సంగతి మా డైరెక్టర్‌ని అడుగుతాను. ఏమీ తేలకపోతే ఆ పోస్టు ఉండదు. కారులో నలుగురు కలిసి వచ్చేలా ఏరియావారీ వాట్సాప్ గ్రూపులు పెడితే ఎలా ఉంటుంది? మారతహళ్ళి, బీటీఎం, హెబ్బాళ అలా.

కూకట్‌పల్లి టు కోరమంగళ · ఆదివారం ఉదయం 9:31

అది బ్రహ్మాండం. ఆడవాళ్ళకి వేరే గ్రూపు కూడా పెట్టండి, తెల్లవారుజామున నాలుగింటికి ముక్కూ మొహం తెలియనివాళ్ళ కారెక్కమంటే ఎవరెక్కుతారు.

తడిపొడి · ఆదివారం మధ్యాహ్నం 1:15

లేటుగా చూశాను. మాది బెళ్ళందూరు. అపార్ట్‌మెంట్‌లో చెత్త వేరుచేయించడం మొదలుపెట్టి చివరికి రన్‌లలో కూడా డబ్బాల దగ్గరే తేలాను. ఇక్కడ ఎవరూ చెప్పనిది చెప్తాను, ఓపికగా చదవండి.

నీళ్ళ పాయింట్ దగ్గర రన్నర్ ఆగడమ్మా. కప్పు అందుకుంటాడు, రెండు గుక్కలు తాగుతాడు, కొంచెం నెత్తిన పోసుకుంటాడు, మిగిలిన నీళ్ళతో సహా విసిరేస్తాడు. మీవాళ్ళు డబ్బా ఎక్కడ పెడతారు? బల్ల పక్కన. అందులో ఏమీ పడదు. తాగడం అయ్యేసరికి మనిషి యాభై అడుగులు ముందుంటాడు. డబ్బాలు ఉండాల్సింది అక్కడ, ఆ తర్వాత ఇంకో యాభై అడుగులకి మళ్ళీ ఒకటి.

సగం నీళ్ళున్న కప్పు పొడి చెత్తలో పడిందనుకోండి, కింద ఉన్న అట్టపెట్టెలూ కాగితాలూ నానిపోతాయి. నానిన అట్టని ఎవరూ తీసుకోరు. అప్పటిదాకా వేరుచేసినదంతా వేస్ట్. ఎనర్జీ జెల్ కవర్లు ఇంకో తలనొప్పి, చేతికి అతుక్కుంటాయి, పదినిమిషాల్లో చీమలు. పేపర్ కప్పు అంటారు గానీ లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది మామూలు కాగితంతో కలవదు. అందుకే కప్పులకి విడిగా ఒక డబ్బా పెట్టి, దాని ముందు నీళ్ళు వంచేసుకోవడానికి ఒక బకెట్ పెట్టించండి. జల్లెడ మూత ఉంటే ఇంకా మేలు. "కంపోస్టబుల్" కప్పులని ఎవరైనా అంటగడితే, అవి ఏ ప్లాంట్‌కి వెళ్తాయో అడగండి. వాటిలో చాలావాటికి బాగా వేడెక్కే పెద్ద యూనిట్ కావాలి, మన పెరటి ఎరువు గుంతలో అవి అలాగే ఉంటాయి.

దీన్ని పోస్టు ఎలా చేయాలంటే, డబ్బా పక్కన ఫోన్ పెట్టి పదిహేను సెకన్లు తీయండి. మ్యూజిక్ వద్దు. కప్పులు గాల్లోంచి వచ్చి రోడ్డు మీద పడుతుంటాయి, ఒకరిద్దరు మాత్రం డబ్బాలో వేస్తారు. కింద ఒకటే లైను: "తాగాక యాభై అడుగులు కప్పు చేతిలోనే ఉంచుకోండి. ఎర్రజెండా దగ్గర బకెట్‌లో నీళ్ళు, డబ్బాలో కప్పు." ముందు ఏడాది వీడియో ఉంటే అదే వాడేయండి. భూగోళం పట్టుకున్న చేతుల కన్నా ఈ కప్పులే ఎక్కువ మంది చూస్తారు, పందెం.

రన్ అయ్యాక పౌరకార్మికులు (పారిశుధ్య కార్మికులు) వస్తారు. వాళ్ళు వంగి ఏరుతున్న వీడియోకి విషాదం మ్యూజిక్ పెట్టి రీల్ చేసే అలవాటు ఒకటుంది, దయచేసి వద్దు. మొహం చూపించాలంటే అడిగి చూపించండి, పేరు వేయమంటే వేయండి. వాళ్ళ టీ టిఫిన్లు కూడా మీ స్టీలు ప్లేట్లలోనే పెట్టండి.

చివరగా తూకం. చెత్త బయటికి వెళ్ళేముందు తూకం వేసి రాసుకోండి. తడి ఎంత, పొడి ఎంత, ఏ పనికీ రాక డంప్‌కి వెళ్ళింది ఎంత. అది లేకపోతే మర్నాడు పెట్టడానికి మీ దగ్గర ఆకుపచ్చ గ్రాఫిక్ తప్ప ఇంకేమీ ఉండదు.

ప్రకటనల పంతులు · ఆదివారం మధ్యాహ్నం 2:02

తడిపొడి గారూ, మా ఏజెన్సీలో చేరతారా?

చేపాక్ వైపు · ఆదివారం మధ్యాహ్నం 2:20

కప్పుల మాట వచ్చింది కాబట్టి, 2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తొచ్చింది. అక్కడ మళ్ళీ మళ్ళీ వాడుకునే కప్పులు పెట్టారు, రెండు యూరోల డిపాజిట్. కప్పు తిరిగిస్తే డబ్బు వెనక్కి. ప్లాస్టిక్ సగం చేస్తున్నామన్నారు. కౌంటర్ దగ్గర నిలబడ్డ ప్రేక్షకులు ఫోన్లు తీసి చూపించింది ఏమిటంటే, అమ్మేవాళ్ళు ప్లాస్టిక్ బాటిల్ మూత తీసి ఆ కప్పులో పోస్తున్నారు! అన్ని చోట్లా కాదు, చాలా చోట్ల ఫౌంటెన్లు ఉన్నాయి. కానీ పాకిపోయింది ఈ వీడియోనే. పర్యావరణ సంఘాలు పట్టుకున్నాయి, పేపర్లన్నీ రాశాయి.

బాధేమిటంటే అదే పారిస్ మొత్తం కార్బన్ లెక్కలో బాగానే తగ్గించింది. లండన్, రియోల సగటు కన్నా సగానికి పైగా తగ్గి దాదాపు 15.9 లక్షల టన్నులని తర్వాత రిపోర్ట్ ఇచ్చారు. అది ఎంతమంది చదివారు? బాటిల్ వీడియో మాత్రం నా దాకా వచ్చింది.

నెల్లూరి చిన్నోడు · ఆదివారం మధ్యాహ్నం 2:38

ఇదే నేను నిన్నటి నుంచి మొత్తుకుంటున్నది.

చేపాక్ వైపు · ఆదివారం మధ్యాహ్నం 2:47

కాదు తమ్ముడూ, నువ్వన్నది అందరూ ఒకటే అని. నేనంటున్నది కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో పోస్టు రాసేవాళ్ళకి తెలియాలని. పరుగుపిచ్చి గారి క్యాన్లు కూడా చూసుకోవాలి. ఇరవై లీటర్ల క్యాన్ అయిపోయి ఎవరో తెలివిగా బాటిళ్ళ పెట్టె తెప్పించి కప్పుల్లో పోశారనుకో, ఏ రన్నరో వీడియో తీస్తే అయిపోయిందంతే.

టోక్యోది రివర్స్ కథ. అట్ట మంచాలు పెట్టారు, వాడాక రీసైకిల్ అవుతాయని. "అథ్లెట్లు దగ్గరవకుండా కావాలనే బలహీనంగా చేశారు" అని పుకారు లేచింది. ఐర్లాండ్ జిమ్నాస్ట్ ఒకతను ఆ మంచం మీద ఎగిరెగిరి దూకుతూ వీడియో పెట్టాడు, విరగలేదు. పుకారు పోయింది, మంచం దేంతో చేశారో ప్రపంచానికి తెలిసింది. కమిటీ ప్రెస్ నోట్ ఇచ్చి ఉంటే ఎవరు చదివేవారు! మెడల్స్ కూడా పాత ఫోన్లూ కంప్యూటర్ల నుంచి తీసిన లోహంతోనే చేశారు, జపాన్‌లో జనమే తెచ్చి ఇచ్చారు, అరవై రెండు లక్షల ఫోన్లు. తమ ఫోన్‌లోంచి ఒక మెడల్ ముక్క వచ్చిందంటే ఎవరైనా పదిమందికి చెప్పుకుంటారు కదా.

సిల్క్‌బోర్డ్ బాధితుడు · ఆదివారం సాయంత్రం 5:10

అయితే అక్కా, మీ రన్నర్లలో ఒకళ్ళకి ఫోన్ ఇచ్చి కప్పు యాభై అడుగులు మోసే ఛాలెంజ్ పెట్టేయండి. స్పాన్సర్‌కి రీల్ వస్తుంది, తడిపొడి గారికి కప్పు వస్తుంది.

కూకట్‌పల్లి టు కోరమంగళ · ఆదివారం సాయంత్రం 6:05

ట్రోలింగ్ గురించి అడిగారు కదా, 2024 మార్చి గుర్తుందా? బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ రేట్లు ఆకాశానికెక్కి, మా అపార్ట్‌మెంట్‌లో రోజుకి ఇన్ని గంటలే నీళ్ళన్న టైమ్. అదే నెలలో ఐపీఎల్. "మాకు స్నానానికి లేవు, వాళ్ళకి గడ్డి తడపడానికి ఉన్నాయా" అని మా గ్రూపులో బూతులు. నేనూ నాలుగు తిట్టాను. తర్వాత తెలిసింది, గ్రౌండ్‌కి వాడేది శుద్ధి చేసిన మురుగునీరని, మ్యాచ్‌లకి దాదాపు 75,000 లీటర్ల దాకా అలాంటి నీళ్ళే ఇవ్వడానికి వాటర్ బోర్డు ఒప్పుకుందని. విషయం సరైనదే. కానీ కోపం వచ్చిన తర్వాత వచ్చింది కాబట్టి సంజాయిషీలా వినబడింది. రెండు వారాల ముందే ఆ నీళ్ళు ఎక్కడ శుద్ధి అవుతాయో, ట్యాంకర్ మీద ఏం రాసి ఉంటుందో ఒక వీడియో పడి ఉంటే మేమే పక్కవాళ్ళకి చెప్పేవాళ్ళం.

కాబట్టి మీ రన్‌లో జనం దేన్ని పట్టుకుని తిడతారో మీకు ముందే తెలిసి ఉంటుంది. పాలిస్టర్ టీషర్టు, కొత్త మెడల్, ఫ్లెక్స్. వాళ్ళు అనకముందే మీరే అనేయండి.

ప్రకటనల పంతులు · ఆదివారం సాయంత్రం 6:30

దీనికి నా ఓటు. స్పాన్సర్ ఒప్పుకోడు, అది వేరే సంగతి. ఒప్పించడానికి ఒక చిట్కా: "మనం చెప్పకపోతే కామెంట్లలో వాళ్ళు చెప్తారు, అప్పుడు మీ లోగో కింద ఉంటుంది" అనండి. లోగో మాట ఎత్తితే వింటారు.

భాష సంగతి కూడా చూసుకోండి. కన్నడ ముందు, ఇంగ్లీష్ తర్వాత. నీళ్ళ పాయింట్ల దగ్గర పనిచేసేవాళ్ళకి వెళ్ళే వాట్సాప్ మెసేజ్ మాత్రం తెలుగు, తమిళం, హిందీల్లో కూడా వాయిస్ నోట్‌గా పంపండి. డబ్బా దగ్గర నిలబడేవాళ్ళకి ఇన్‌స్టా చూసే తీరిక ఉండదు.

పరుగుపిచ్చి · సోమవారం రాత్రి 10:15

ఈరోజు మీటింగ్ అయింది. మెట్రోకి ఉత్తరం వెళ్ళింది, జవాబు రాలేదు, కాబట్టి ఆ పోస్టు ఆగింది. ఆకుపచ్చ గ్రాఫిక్‌లు సగానికి తగ్గించారు (సగం ఉన్నాయి, ఏం చేస్తాం). ఫ్లెక్స్ ఆర్డర్ ఇచ్చేశారట. తేదీ లేకుండా ప్రింట్ చేయిస్తే వచ్చే ఏడు కూడా వాడొచ్చు కదా అన్నాను, దానికి ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషన్‌లో "టీషర్టు వద్దు" అని ఒక గడి పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు.

కన్నడ వెర్షన్ మా ఫ్రెండ్ రాస్తోంది. నా డ్రాఫ్ట్‌లు ఇవి, చూసి చెప్పండి.

వారం ముందు: "ఈసారి బాటిల్ ఇవ్వం. దారిలో నీళ్ళ పాయింట్లన్నిట్లో క్యాన్ నుంచి కప్పులో పోస్తాం. సొంత బాటిల్ తెచ్చుకుంటే నింపిస్తాం, క్యూ వేరు. టీషర్టు పాలిస్టరే, మెడల్ కొత్తదే. ఇంట్లో టీషర్టులు చాలా ఉన్నాయా? ఫారంలో 'వద్దు' నొక్కండి."

ముందు రోజు: కప్పుల వీడియో, తడిపొడి గారి లైనుతో.

మూడు రోజుల తర్వాత: "మొన్న రన్‌లో పరిగెత్తినవాళ్ళు ఇంతమంది. తడి చెత్త ఇన్ని కిలోలు, ఫలానా చోట ఎరువుకి. పొడి చెత్త ఇన్ని కిలోలు. డంప్‌కి వెళ్ళింది ఇన్ని కిలోలు. టీషర్టు వద్దన్నవాళ్ళు ఇంతమంది. జీరో వేస్ట్ రన్ దిశగా మన మొదటి అడుగు!"

ప్రకటనల పంతులు · సోమవారం రాత్రి 10:34

ఆఖరి వాక్యం తీసేయండి. "జీరో వేస్ట్" అంటే దానికి మళ్ళీ రుజువు అడుగుతారు. మిగతాది ముట్టుకోకండి. నంబర్లు బొమ్మలోనే కాకుండా కింద క్యాప్షన్‌లో కూడా రాయండి, కళ్ళు కనిపించనివాళ్ళ ఫోన్ చదివేది దాన్నే.

నెల్లూరి చిన్నోడు · సోమవారం రాత్రి 10:40

డంప్‌కి వెళ్ళిన కిలోలు నిజంగా వేస్తే నేనే షేర్ చేస్తా. వేయరని నా పందెం.

తడిపొడి · సోమవారం రాత్రి 10:52

వేస్తారు, ఎందుకంటే తూకం వేసేది నేనే. మా అపార్ట్‌మెంట్‌లో వేలాడే కాటా ఉంది, తెస్తాను. వాలంటీర్ ఫారం లింక్ పంపండి. నాతో పాటు ఇంకో ఇద్దరు కావాలి, ఉదయం నాలుగున్నరకల్లా రావాలి, పాత బట్టలు వేసుకోవాలి. చిన్నోడూ, నువ్వెక్కడుంటావు?

నెల్లూరి చిన్నోడు · సోమవారం రాత్రి 10:58

కె.ఆర్. పురం. నాలుగున్నరా??

కూకట్‌పల్లి టు కోరమంగళ · సోమవారం రాత్రి 11:01

టిన్ ఫ్యాక్టరీ దగ్గర నేను ఎక్కించుకుంటా. నాలుగింటికి రెడీగా ఉండు.

పరుగుపిచ్చి · సోమవారం రాత్రి 11:06

ముగ్గురికీ లింక్ మెసేజ్ చేశాను. టీషర్టు గడి చూసుకోండి.